కవలల పట్టిక చదవడం: అనువంశికత, పరిసరాలు (3వ పాఠం)

పోయిన పాఠంలో సహసంబంధ గుణకం చూశాం. అది 1కి దగ్గరగా ఉంటే జంటలో ఒకరికి ఎక్కువ మార్కులు వచ్చినచోట రెండోవారికీ ఎక్కువే వస్తున్నాయని అర్థం. 0 అయితే ఒకరి మార్కులు చూసి రెండోవారివి ఊహించలేం. ఈసారి ఆ గుణకాలతోనే లెక్క కడదాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. డీఎస్సీకి చదివేవాళ్లలో చాలామంది ఇక్కడ సూత్రాన్ని బట్టీపట్టి వదిలేస్తారు. ఒక్కసారి చేత్తో చేసి చూస్తే బట్టీ అక్కర్లేదు.

1981లో బౌచర్డ్, మెక్‌గ్యూ అనే ఇద్దరు 111 పరిశీలనలను కలిపి, ప్రజ్ఞా పరీక్షల్లో బంధువుల మధ్య పోలిక ఎంతో పట్టికగా ఇచ్చారు. ఒకే ఇంట్లో పెరిగిన సమరూప కవలలకు 0.86, విభిన్న కవలలకు 0.60. సమరూపులు ఒకే అండం చీలి పుట్టినవాళ్లు, జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. విభిన్న కవలలు వేర్వేరు అండాల నుంచి వచ్చినవాళ్లు. మామూలు అన్నదమ్ముల్లాగే వాళ్ల మధ్య తేడాలు తెచ్చే జన్యువుల్లో సగటున సగమే కలుస్తాయి.

ముందు 0.86లోంచి 0.60 తీసేయండి, 0.26 వస్తుంది. ఇల్లు, అమ్మానాన్నలు, వంట రెండు రకాల జంటలకూ ఉమ్మడే కాబట్టి తీసివేతలో అవి కొట్టుకుపోతాయి. మిగిలింది అదనంగా కలిసిన సగం జన్యువుల ప్రభావం. పూర్తి ప్రభావం కావాలి గనుక రెట్టింపు చేయాలి: 0.52. ఇది అనువంశికత వాటా. ఫాల్కనర్ సూత్రం ఇంతే. ఇప్పుడు 0.86లోంచి 0.52 పోతే 0.34, ఇద్దరూ పంచుకున్న ఇంటి వాటా. 1లోంచి 0.86 పోతే 0.14. ఒకరికే వచ్చిన జ్వరం, ఒకరికే దొరికిన మంచి టీచరు, పరీక్షలో దొర్లిన పొరపాట్లు అన్నీ ఇందులోకే వస్తాయి. మూడూ కూడితే 1 రావాలి. రాలేదంటే తీసివేతలో తప్పు జరిగింది.

లెక్క సులువే. తప్పంతా దాన్ని చదవడంలో జరుగుతుంది. 0.52 చూసి "ఈ గుంటడి తెలివిలో 52 శాతం అమ్మానాన్నల నుంచి, మిగతాది బడి నుంచి వచ్చింది" అనేస్తారు. ఆ అంకె ఏ ఒక్క పిల్లవాడి గురించీ చెప్పదు. ఒక గుంపులో మనుషుల మధ్య ఉన్న తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాల వల్ల వచ్చిందో మాత్రమే చెబుతుంది.

పొలంలోకి వెళ్లి చూద్దాం. రాగోలు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఆర్‌జీఎల్ 2537, మనం శ్రీకాకుళం సన్నాలు అనేది, శుద్ధ వంగడం. ఏ గింజ తీసినా జన్యువులు దాదాపు ఒకటే. ఉభాలయ్యాక వంశధార కాలువ నీళ్లు మడికి ఒక మూలకే అందాయనుకోండి. ఆ మూల దుబ్బులు గుబురుగా లేస్తాయి, రెండో చివర నాలుగు పిలకలతో ఆగిపోతాయి. ఈ తేడాలో అనువంశికత వాటా సున్నా. జన్యువులు పనిచేయలేదా? చేశాయి, అవి లేకుండా వరి మొక్కే లేదు. మొక్కమొక్కకూ జన్యువుల్లో తేడా లేదు, అంతే. అదే రకరకాల వడ్లు కలిసిన కల్తీ విత్తనాన్ని, చదును చేసి ఒకే లోతున నీరు పెట్టిన మడిలో నాటితే తేడా దాదాపు మొత్తం విత్తనానిదే. నీళ్లూ ఎరువూ అక్కడా పనిచేశాయి, కానీ అన్ని మొక్కలకూ సమానంగా అందాయి కాబట్టి లెక్కలో కనబడవు.

అందరికీ ఒకేలా ఉన్నది ఎంత బలమైనదైనా ఈ పట్టికకు చిక్కదు. ఉప్పు సంగతే చూడండి. నౌపడ మళ్లలో రాశి పోసిన ఉప్పు సముద్రానిదే అయినా, పొటాషియం అయోడేట్ కలిపితే తప్ప అందులో చాలినంత అయోడిన్ ఉండదు. ఇంటికి చేరేసరికి గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలి. గర్భిణికి రోజుకు కావలసింది 250. గర్భంలో తీవ్రమైన లోటు ఏర్పడితే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఊరంతటికీ అదే లోటు ఉంటే పిల్లలందరి సగటూ కిందికి దిగుతుంది, కవలల లెక్క మాత్రం మారకపోవచ్చు. కాబట్టి అనువంశికత వాటా పెద్దదని, పరిసరాలు మార్చినా లాభం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

పట్టిక చేతికి రాగానే రెండు సంగతులు చూడండి. విభిన్న కవలల్లో ఆడ–మగ జంటలు కలిసిపోయాయా? కలిస్తే వాళ్ల పోలిక తగ్గి, అనువంశికత వాటా ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపించవచ్చు. రెండోది, సమరూపులను జనం ఎలా చూస్తారన్నది. వాళ్లకు ఒకే రకం బట్టలు వేసి, ఒకే బెంచీలో కూర్చోబెట్టి, మరింత ఒకేలా పెంచి ఉంటే, ఆ పెంపకం చేసిన పనిని కూడా సూత్రం జన్యువుల ఖాతాలో రాసేస్తుంది.

అభ్యాసం: సమరూపులకు 0.50, విభిన్నులకు 0.20 అనుకోండి (అంకెలు కల్పితం). మూడు వాటాలూ కట్టండి. ఇంటి వాటా సున్నాకన్నా తక్కువ వస్తుంది. అలా ఎందుకొచ్చిందో, అప్పుడు ఈ సూత్రం ఎందుకు సరిపోదో నాలుగు వాక్యాల్లో రాసి ఉంచుకోండి. 4వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.