పుకారు అల్లరిగా మారకముందే: మొహల్లా కమిటీ నడిపే పద్ధతి

నగరంలో అల్లర్లు ఎందుకొచ్చాయంటే అందరూ చివరి నిప్పురవ్వనే చూపిస్తారు: ఊరేగింపులో పడిన రాయి, ఫోన్లలో తిరిగిన వీడియో. అలాంటి గొడవలు చాలావరకు అక్కడికక్కడే చల్లారిపోతాయి. రెండు బస్తీల మధ్య మాటలు తెగిపోయి, పుకారుకు గంటల తరబడి జవాబు దొరకక, దాన్ని వాడుకునేవాళ్లు కాచుకుని ఉన్నచోట మాత్రం అంటుకుంటాయి.

తెలంగాణ పద్మశాలీలు ఎందరో మరమగ్గాల పనికి వలసపోయిన మహారాష్ట్రలోని భివండీలో 1970లో, 1984లో మత ఘర్షణలు చెలరేగాయి. 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే అక్కడ బస్తీ జనం, పోలీసులు కలిసి కూర్చునే మొహల్లా కమిటీలు పెట్టించారు. 1992 డిసెంబరు, 1993 జనవరిలలో పక్కనే ముంబయి అల్లర్లలో దాదాపు 900 మంది చనిపోయినా భివండీ ప్రశాంతంగానే ఉంది.

కమిటీలో రెండు మతాలవాళ్లూ సమానంగా ఉండాలి. కిరాణా కొట్టాయన, ఆటో డ్రైవరు, దర్జీ, మహిళా సంఘం లీడరు చాలు. పార్టీ నాయకులతో నింపితే అది ఎన్నికల వేదికైపోతుంది. పదిహేను రోజులకోసారి బీట్ కానిస్టేబుల్‌తో కలిసి కూర్చోండి. మోరీలు, నల్లా నీళ్లు, వీధి దీపాలు, ఏదైనా మాట్లాడండి. పండగ ముందురోజు మాత్రమే పెట్టే శాంతి సమావేశంలో ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉండదు, ఇదే అసలు లోపం.

పుకారు రాగానే మూడు అడగండి: ఏ గల్లీ, ఎన్నింటికి, కళ్లారా చూసిందెవరు? ఆ గల్లీ సభ్యుడు వెళ్లి చూసి ఫోన్ చేయాలి. వీడియో అయితే ఆపి, దుకాణం బోర్డుల మీది భాష, బండ్ల నంబరు ప్లేట్లు చూడండి. రెండు మూడు ఫ్రేములు స్క్రీన్‌షాట్ తీసి గూగుల్‌లో బొమ్మతో వెతకండి. వేరే ఊరిదో, పాతదో అయితే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. అబద్ధమని తేలితే మాటల్లోనే చెప్పండి, ఖండించడానికి కూడా ఆ వీడియోను మళ్లీ పంపొద్దు. గుడి మైకులోనూ మసీదు మైకులోనూ ఒకే మాట వినిపించాలి. నిజంగానే గొడవైతే ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయండి.

ఊరేగింపుకు ముందు దారంతా నడిచి, కంకర, ఇటుకల కుప్పలు తీయించండి. నమాజు వేళలు చూసుకుని డీజే ఎక్కడ ఆపాలో నిర్వాహకులతో ముందే రాయించుకోండి. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాదున్నబీ ఒకే రోజు పడితే హైదరాబాద్‌లో మిలాద్ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు.

రాయి వేసినవాడు ఎవరో తెలిస్తే, వాడి మతంవాళ్లే ముందుండి పోలీసులకు అప్పగించాలి. అవతలివాళ్లు పట్టుకోబోతే గొడవ రెండింతలవుతుంది.