రాట్నం, మగ్గం, అల్లిక సూదులు ఒకే ఇంట్లో: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఇంట్లో ఒకే కాలంలో వడుకు, నేత, అల్లిక మూడూ నడిపేవారికి ఎదురయ్యే చిక్కుల్లో చాలా వాటికి మూలం పనికీ పనికీ మధ్య వచ్చే విరామంలో ఉంటుంది. రాట్నం మీద తక్కువైన పురి (దారానికి ఎక్కే మెలి) కొన్ని వారాల తరువాత మగ్గం మీద తెగిన పోగుగా బయటపడుతుంది. సూదుల మీద నెలల తరబడి వదిలేసిన స్వెట్టరు వరుస, ఉతికిన తరువాత కూడా పోని గీతగా మిగులుతుంది. అందువల్ల లోపం కనబడిన వెంటనే దాన్ని విప్పడానికి పూనుకోకుండా, ఆ పనిని చివరిసారి ఏ స్థితిలో పక్కన పెట్టామో ముందుగా చూసుకోవాలి. ఇక్కడి సూచనలు అనంతపురం, కర్నూలు ప్రాంతాల పొడిగాలిని దృష్టిలో పెట్టుకొని చెప్పినవి. కోస్తా తేమలో వీటిలో కొన్ని పనికిరావు.

పడుగు (మగ్గానికి పొడవునా కట్టిన) పోగులు మాటిమాటికీ తెగుతున్నాయి

తెగిన చోటును బట్టి కారణం మారుతుంది కాబట్టి, ముడి వేసి ముందుకు సాగే ముందు ఆ చోట్లను గమనించాలి. ఒకే పోగు మళ్లీ మళ్లీ అచ్చు (పడుగు పోగులు దూరే, నేతను తట్టి బిగించే దువ్వెన వంటి చట్రం) దగ్గరే తెగుతుంటే అచ్చు పళ్లలో ఒకటి వంగి ఉంటుంది, లేదా తుప్పు పట్టి గరుకెక్కి ఉంటుంది. ఆ పన్నును సన్నని గరుకు కాగితంతో నునుపు చేసి, మెత్తని గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. రెండు అంచుల దగ్గర మాత్రమే తెగుతుంటే పేకను (అడ్డంగా నేసే దారాన్ని) బిగించి లాగుతున్నారని అర్థం. గుడ్డ వెడల్పు తగ్గినకొద్దీ అంచు పోగులు ఏటవాలై అచ్చు పళ్లకు ఒరుసుకుంటాయి. నాడె (పేకను అటూ ఇటూ మోసే పరికరం) వేశాక పేకను తిన్నగా లాగకుండా కొద్దిగా ఏటవాలుగా పరిచి, ఆ తరువాత అచ్చు కొడితే వెడల్పు నిలుస్తుంది.

తెగడం పడుగంతటా ఉండి, ఉదయం తక్కువగా, మధ్యాహ్నం ఎక్కువగా కనబడితే గాలి పొడిబారడమే కారణం. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండకు నూలులోని తేమ ఆరిపోతుంది, పట్టించిన గంజి పెళుసుబారి పోగు వంగినప్పుడల్లా పొడిగా రాలుతుంది. మగ్గం కింద తెల్లని పొడి పేరుకొంటున్నదంటే కారణం ఇదే. పత్తి నూలుకు తేమ తగిలితే బలం పెరుగుతుంది. నేలలో గుంట తవ్వి అమర్చే గుంటమగ్గంలో నేలలోని చల్లదనం పడుగును కాపాడేది ఈ గుణం వల్లనే. బల్ల మీద పెట్టుకొనే చిన్న మగ్గానికి ఆ వసతి లేదు కాబట్టి, పడుగు కింద తడిపి పిండిన గోనెసంచి పరచడం, ఫ్యానుగాలి నేరుగా తగలకుండా చూడడం, నేతను తెల్లవారుజాముకు మార్చుకోవడం అవసరం. పడుగు మీద నేరుగా నీళ్లు చల్లితే గంజి జిగురై పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఉన్ని, పట్టు విషయంలో సంగతి తలకిందులు: అవి తడిస్తే బలహీనపడతాయి కాబట్టి, ధర్మవరం పట్టు పడుగుకైనా, ఉన్ని శాలువా పడుగుకైనా తడి తగలనివ్వకూడదు.

ఇవేవీ కాక పడుగులో కొన్ని పోగులు మాత్రమే పదే పదే తెగుతుంటే లోపం రాట్నం దగ్గర ఉంది. ఆ పోగును జానెడు పొడవు తీసి రెండు చేతులా మెల్లగా లాగి చూడాలి. పుటుక్కున తెగకుండా దూదిపోగులు జారి విడిపోతే పురి చాలలేదు. అటువంటి పోగుల స్థానంలో మంచి నూలు అతుక్కోవడం తప్ప మగ్గం మీద వేరే మార్గం లేదు. మిగిలిన పడుగుకు నాలుగు చుక్కల నూనె కలిపిన పలుచని బియ్యపు గంజిని కుంచెతో పట్టించి, పోగులు విడివిడిగా ఆరేదాకా ఆగితే కొంత ఊరట కలుగుతుంది. వడకడం కొత్తగా నేర్చినవారు పడుగుకు మిల్లు నూలు, పేకకు ఇంటి నూలు వాడడమే మేలని నా అభిప్రాయం. శుద్ధ ఖద్దరే కావాలనే పట్టుదల ఉన్నవారు దీనికి ఒప్పుకోరు. అయితే పేక ఒక్కసారి దెబ్బ తిని ఊరుకుంటుంది, పడుగు మాత్రం అచ్చు కదిలినంతసేపూ ఒరిపిడి భరించాలి. చేయి కుదిరేదాకా ఆ భారం మిల్లు నూలు మోయడంలో తప్పు లేదు.

నూలు సగంలోనే అయిపోతోంది

వడుకు నెమ్మదిగా సాగుతుంది, నేత ఆకలి పెద్దది. ఈ రెంటి తేడాను ముందుగా లెక్క కట్టకపోవడమే కారణం. 1938 నుంచి చేనేత సహకార సంఘం ఉన్న ఎమ్మిగనూరు వంటి నేత ఊళ్లలో నూలు మాట ఎత్తగానే నంబరు ఎంత అని అడిగేది ఈ లెక్క కోసమే. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే నూలు నంబరు అంత. ఆ ప్రకారం 20 నంబరు నూలు ఒక గ్రాముకు సుమారు 34 మీటర్లు వస్తుంది.

75 సెంటీమీటర్ల వెడల్పు, మీటరున్నర పొడవు గల తువ్వాళ్లు రెండు నేయాలనుకుందాం. అంగుళానికి 40 పోగుల చొప్పున పడుగులో సుమారు 1200 పోగులు ఉంటాయి. నేతలో కుదించుకుపోయే భాగాన్నీ, మగ్గానికి కట్టినందువల్ల చివర వృథా అయ్యే భాగాన్నీ కలుపుకొని ఒక్కో పోగుకు 4 మీటర్లు పెట్టుకుంటే పడుగుకే 4800 మీటర్లు కావాలి. పేకకు ఇంకో 3800 మీటర్లు వేసుకుంటే మొత్తం 8600 మీటర్లు, అంటే దాదాపు 250 గ్రాములు. గంటకు 300 మీటర్లు వడికే చేతికి ఇది 28 గంటలకు మించిన పని. ఈ లెక్క వేసుకోకుండా మగ్గానికి పడుగు ఎక్కిస్తే, పేక కోసం మగ్గం వారాల తరబడి ఆగుతుంది, ఆగినందువల్ల తరువాత చెప్పబోయే అడ్డచార (గుడ్డకు అడ్డంగా కనబడే గీత) పడుతుంది.

పేక నూలు మొత్తం వడికి, కొలిచి, చిలపలుగా కట్టిన తరువాతనే పడుగు ఎక్కించడం దీనికి పరిష్కారం. ఇప్పటికే సగంలో ఆగిపోయి ఉంటే, మిగిలిన నూలును కండెలకు (నూలు చుట్టే చిన్న గొట్టాలకు) చుట్టి, నేసిన చివరి జానెడు గుడ్డలో పేకలు లెక్కపెట్టి, ఇంకెంత నేత వస్తుందో తేల్చుకోవాలి. రెండో తువ్వాలుకు చాలదని తేలితే, మధ్యలో రంగు పేకతో పట్టీలు వేసి ఉన్న నూలును సాగదీయవచ్చు.

మగ్గం ఆపిన ప్రతిచోటా గుడ్డ మీద అడ్డచార పడుతోంది

పడుగును బిగువుగా ఉంచి వెళ్లిపోవడం వల్ల పోగులు సాగి, తిరిగి మొదలుపెట్టినప్పుడు పేక పడే దూరం మారిపోతుంది. ఒక్క రాత్రికి ఏమీ కాదు. వారం పైగా ఆపేటట్లయితే పడుగును వదులు చేసి, నేసిన అంచు మీద ఒక పొడి గుడ్డ కప్పాలి. తిరిగి కూర్చున్నప్పుడు మునుపటి బిగువు తెచ్చి, నాడె వేయకుండా అచ్చును రెండుమూడు సార్లు మెల్లగా ఆనించి, చివరి పేక ఉన్న చోటు సరిచూసుకొని మొదలుపెట్టాలి. అప్పటికే పడిన చార పలచగా ఉంటే ఉతికినప్పుడు చాలావరకు సర్దుకుంటుంది, దట్టంగా ఉంటే ఆ నాలుగు పేకలూ విప్పి మళ్లీ వేయడం తప్పదు.

స్వెట్టరు కింది సగం ఒక కొలత, పై సగం ఇంకో కొలత

అనంతపురంలో స్వెట్టరు అవసరం కొద్ది వారాలే; అల్లేది ఎక్కువగా బెంగళూరులో ఉండే పిల్లలకో, పుట్టబోయే మనవలకో. అందుకే ఇది ఏటా కొంత కొంత సాగే పనిగా మారి, నవంబరులో అల్లిన భాగానికీ మే నెలలో అల్లిన భాగానికీ పొంతన కుదరదు. చెమటపట్టిన వేళ్లకు ఊలు అంటుకొని కుట్లు బిగుసుకుంటాయి, చలికాలంలో వదులవుతాయి. దీనికి తోడు, మధ్యలో సూదులు వేరే పనికి తీసుకొని, తిరిగి మొదలుపెట్టేటప్పుడు చేతికందిన మరో జత వాడడం మామూలే. 4 మిల్లీమీటర్ల సూదికీ 3.5 మిల్లీమీటర్ల సూదికీ కంటికి తేడా తెలియకపోయినా ఛాతీ కొలతలో తేడా వస్తుంది.

విరామం తరువాత నేరుగా స్వెట్టరు మీద కూర్చోకుండా, అదే ఊలుతో, అదే సూదులతో 20 కుట్ల నమూనా ముక్క నాలుగు వేళ్ల ఎత్తు అల్లి, 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వస్తున్నాయో పాత భాగంతో పోల్చాలి. ఎక్కువ కుట్లు వస్తే ఒక సైజు పెద్ద సూదికి, తక్కువ వస్తే చిన్న సూదికి మారాలి. తేడా అప్పటికే స్వెట్టరులోకి వచ్చేసి, అది రెండు మూడు వరుసలకు మించితే విప్పడమే దారి. తడిపి సాగదీసి ఆరబెడితే సరిపోతుందనే మాట చిన్న తేడాలకే వర్తిస్తుంది.

నెల దాటి పక్కన పెట్టే అల్లికను సూదుల మీద ఉంచకూడదు. కుట్లను దబ్బనంతో ఒక నున్నని నూలుదారానికి ఎక్కించి సూదులు తీసేస్తే ఆ వరుస సాగదు, సూదులు వేరే పనికి అక్కరకొస్తాయి. కుట్టు జారి నిచ్చెనలా కిందికి దిగి ఉంటే క్రోషియా సూదితో ఒక్కో అడ్డదారాన్నీ లాగుతూ పైకి ఎక్కించవచ్చు.

అల్లిన గుడ్డ ఒక పక్కకు మెలి తిరుగుతోంది

ఇంట్లో వడికిన నూలును ఒంటిపేటగా అల్లిన చోట ఇది కనబడుతుంది. ఒకే దిక్కున పురి తిరిగిన దారం, విడిచిపెట్టగానే ఆ పురిని వదిలించుకోవాలని చూస్తుంది. మగ్గం మీద పడుగూ పేకా దాన్ని పట్టి ఉంచుతాయి కానీ, అల్లికలో ఉచ్చులు వదులుగా ఉండడం వల్ల గుడ్డ మొత్తం ఏటవాలవుతుంది. చిలపను వదులుగా వేలాడదీసి చూస్తే, పురి మిగిలిన నూలు దానంతట అదే మెలిపడుతుంది. అల్లికకు వాడే నూలును రెండు పేటలు కలిపి, వడికిన దిక్కుకు ఎదురుదిక్కున పురి ఎక్కించాలి. పత్తి చిలపలను నాలుగు చోట్ల వదులుగా కట్టి, నీళ్లలో ఉడికించి, బరువు కట్టకుండా ఆరబెడితే పురి కుదురుకుంటుంది. నేత కోసం వడికిన సన్నని నూలును, మిగిలింది కదా అని అల్లికకు మళ్లించడమే ఎక్కువ ఇళ్లలో ఈ సమస్యకు మూలం.

ఒక రోజు సన్నం, ఒక రోజు లావు

వేరే పని చేసి వచ్చిన చేయి ఆ పని బిగువును రాట్నం దగ్గరికి తెచ్చుకుంటుంది. అనుకున్న లావులో మూరెడు నూలును ఒక అట్టముక్కకు చుట్టి కదురు (రాట్నం మీద నూలు చుట్టుకొనే కడ్డీ) పక్కన పెట్టుకొని, కూర్చున్నప్పుడల్లా మొదటి రెండు బారలను దానితో పోల్చుకోవాలి. కూర్చున్నంతసేపట్లోనే నూలు మారుతుంటే తప్పు చేతిది కాదు. రాట్నం తాడు వదులై కదురు జారుతున్నదేమో, ఏకులు (వడకడానికి చుట్టి పెట్టిన దూది) డబ్బా అడుగున నలిగి గట్టిపడ్డాయేమో చూడాలి. ఆదోని వైపు కొత్త పత్తి వచ్చాక చేసిన ఏకులనూ నిరుటి పాత ఏకులనూ కలిపి వడికినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే రెంటి పింజ (దూది పోగు) పొడవు ఒక్కలా ఉండకపోవచ్చు, పొట్టి పింజకు పొడవు పింజ కంటే ఎక్కువ పురి కావాలి. రెంటినీ వేర్వేరు కండెలకు పట్టి, తక్కువరకాన్ని పేకకు వాడుకోవచ్చు.

రంగు కలవడం లేదు

ఒకే రంగైనా వేర్వేరు సార్లు అద్దిన దారాలు ఒక్కలా ఉండవు. రెండు లాట్లు తప్పనిసరైతే, ఒకటి అయిపోయాక రెండోది మొదలుపెట్టకుండా, కొంతమేర రెండింటినీ రెండేసి వరుసల చొప్పున మార్చి వాడితే తేడా కరిగిపోతుంది.

ఆగిన పనికి పురుగు, బూజు, ఎలుక

వీటిలో ఏది ఏ దారాన్ని తింటుందో తెలిస్తే వెతుకులాట తగ్గుతుంది. బట్టల పురుగు ఉన్నినీ పట్టునూ తింటుంది, పత్తిని ముట్టదు. గంజి పట్టిన పత్తి పడుగులో రంధ్రాలు కనబడితే వెండిచేపలనో (సిల్వర్‌ఫిష్ అనే చిన్న పురుగులనో) ఎలుకలనో అనుమానించాలి. మూడు రకాల దారాలనూ ఒకే సంచిలో కుక్కితే ఒకదాని చీడ మరొకదాని దగ్గరికి చేరుతుంది. పురుగు కనబడిన ఊలును ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో వారం రోజులు ఉంచి, తరువాత ఎండలో దులపాలి. నాఫ్తలీన్ గోళీలు పసిపిల్లల స్వెట్టర్ల దగ్గర వాడకూడదు. కొందరు శిశువుల్లో వాటి ఆవిరి రక్తకణాలను దెబ్బతీస్తుంది. వేపాకు పురుగును రానివ్వకపోవడానికి కొంత పనికొస్తుందేమో కానీ, ఉన్న పురుగును చంపుతుందని నమ్మకూడదు. వానాకాలంలో గంజి పడుగుకు బూజు పట్టకుండా, దాన్ని గోడకు దూరంగా, నెలకోసారి గాలి తగిలేలా విప్పి ఉంచాలి.

ఎక్కడ ఆపామో గుర్తు లేదు, ఏ పనీ దిగడం లేదు

మొదటిదానికి ప్రతి పనికీ ఒక చీటీ కట్టడమే మందు. సూది సైజు, వరుస సంఖ్య, నూలు నంబరు, తరువాత చేయవలసిన ఒక్క పని అందులో ఉంటే చాలు. వరుస మధ్యలో లేవడం, నాడె సగం దారిలో విడవడం మానుకోవాలి.

రెండోదానికి కారణం పనులు ఎక్కువ కావడమే. మగ్గం మీద ఒకటి, సూదుల మీద ఒకటి, కదురు మీద ఒకటి అనే హద్దు పెట్టుకొని, నాలుగోది మొదలుపెట్టాలంటే ఒకటి పూర్తి కావాలి, లేదా విప్పాలి. ఏది విప్పాలో తేల్చుకోవడానికి, చివరిసారి చేతికి తీసుకొని ఏడాది దాటిన పనుల నుంచి మొదలుపెట్టాలి. విప్పిన ఊలును కుర్చీ వీపుకు చిలపగా చుట్టి, నాలుగుచోట్ల కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, నీడన వేలాడదీస్తే వంకులు పోయి మళ్లీ అల్లికకు వస్తుంది. మగ్గం మీద ఆగిన పడుగును కోసేటప్పుడు మాత్రం అచ్చు వెనక జానెడు పోగులు మిగిల్చి, గుప్పెడేసి చొప్పున ముడి వేసి ఉంచాలి. అచ్చులో దూర్చిన పోగులు అలాగే ఉంటే, తరువాతి పడుగును వాటికి ఒక్కొక్కటిగా అతికి లాగేయవచ్చు, మళ్లీ మొదటి నుంచి పోగులు దూర్చే పని తప్పుతుంది.