ఏ320 ర్యాంప్ సర్వీసింగ్: సమస్య - పరిష్కారం

ఏ320 విమానం బేలోకి (ఆగే చోటికి) వచ్చి చక్రాలకు చోక్స్ (అడ్డు దిమ్మలు) పడ్డాక, మళ్ళీ పుష్‌బ్యాక్ అయ్యేలోపు (వెనక్కి నెట్టేలోపు) దొరికేది సాధారణంగా అరగంట, మహా అయితే ముప్పావుగంట. ఆ కాస్త టైములో తలెత్తే చిక్కులు చాలావరకు మన బండి విమానానికి తగిలే చోటే పుడతాయి. ప్లగ్గు, గొట్టం, కప్లింగ్: ముందు వీటిని చూసి, ఆ తర్వాతే విమానాన్ని అనుమానించాలి.

జీపీయూ (నేల మీది విమానానికి కరెంటు ఇచ్చే బండి) తగిలించినా కరెంటు ఎక్కడం లేదు

ముక్కు చక్రం దగ్గరి ప్యానెల్ మీద రెండు లైట్లుంటాయి. 115 వోల్టులు, 400 హెర్ట్జ్ మూడు ఫేజుల కరెంటు సరిగ్గా అందితే పసుపు రంగు 'అవైల్' లైట్ వెలుగుతుంది. వెలగకపోతే మొదట చూడాల్సింది ఈ, ఎఫ్ పిన్నుల తగులు. విమానం సాకెట్‌లో ఆరు పిన్నులుంటాయి. నాలుగు లావువి, మూడు ఫేజులకూ న్యూట్రల్‌కూ. మిగతా రెండూ (ఈ, ఎఫ్) సన్నవి, పొట్టివి. అవి అన్నిటికన్నా చివర తగులుతాయి, లాగేటప్పుడు అన్నిటికన్నా ముందు విడిపోతాయి. కాంటాక్టర్ (కరెంటు కలిపే పెద్ద స్విచ్) పట్టి ఉండేది వాటి మీదే కాబట్టి, ప్లగ్గు కొద్దిగా బయటికి ఉన్నా కరెంటు ఎక్కదు.

జీపీయూ అవుట్‌పుట్ ఆపండి. ప్లగ్గు పూర్తిగా తీసి రంధ్రాల్లోకి చూడండి. నల్లబడినా, కరిగిన గుర్తున్నా, వదులుగా ఉన్నా ఆ కేబుల్ వాడకండి. అన్నీ బాగుంటే తిన్నగా, చివరిదాకా నెట్టి అప్పుడు అవుట్‌పుట్ ఆన్ చేయండి. కరెంటు ఉండగా ప్లగ్గును అటూ ఇటూ ఊపి చూడటం మాత్రం వద్దు. ఆ నిప్పురవ్వలకే పిన్నులు గుంతలు పడతాయి. ఇంకో జీపీయూతో లైట్ వెలిగితే తప్పు మొదటి బండిదే. దానితోనూ వెలగకపోతే ఇంజనీర్‌ను పిలవాలి.

ఒకే ప్లగ్గు పదేపదే కాలుతోందంటే కేబుల్ బరువంతా పిన్నుల మీద వేలాడుతున్నట్టే. రంధ్రాలు సాగి, పట్టు వదులై, అక్కడే వేడి పుడుతుంది. కేబుల్‌కు పట్టీ ఉంటే తప్పకుండా కట్టండి. రెండు నిమిషాల పని, ఖరీదైన సాకెట్‌ను కాపాడుతుంది.

'అవైల్' వెలిగినా, కాక్‌పిట్‌లో ఎక్స్‌టర్నల్ పవర్ బటన్ నొక్కగానే ట్రిప్ అవుతుంటే లోడ్ పడగానే వోల్టేజీ కుంగుతోందన్నమాట. గ్యాలీ ఓవెన్లు ఆపించి మళ్ళీ ప్రయత్నించండి. అప్పుడు నిలబడితే జీపీయూ బలహీనపడిందని రాసి వర్క్‌షాప్‌కు పంపండి. తీసేటప్పుడు తెల్లటి 'నాట్ ఇన్ యూజ్' లైట్ వెలిగాకే ప్లగ్గు ముట్టాలి.

ఏసీ బండి పెట్టినా క్యాబిన్ ఉడికిపోతోంది

మే నెలలో శంషాబాద్ ఏప్రన్ (విమానాలు నిలిపే మైదానం) మీద ఇది రోజూ వినే ఫిర్యాదే. ముందు గొట్టం మొత్తం వెంట నడిచి చూడండి. ఒక్క మెలిక, చక్రం కింద నలిగిన ఒక్క చోటు చాలు, గాలి సగానికి పడిపోతుంది. కిటికీ షేడ్‌లు దింపించండి. విమానం ప్యాక్‌లు (దాని సొంత ఏసీ యంత్రాలు) ఆన్‌లో ఉండగా బయటి ఏసీ గాలిని కలపకూడదు. గొట్టం తగిలించే ముందు హెడ్‌సెట్ మీద పైలట్‌ను అడిగి ఖాయం చేసుకోండి.

ట్యాంకు నిండుగా ఉన్నా కుళాయిలో నీళ్ళు రావు

చాలా ఏ320లలో నీళ్ళను పైకి తోసేది బ్లీడ్ గాలి (ఇంజన్ల నుంచో ఏపీయూ నుంచో వచ్చే ఒత్తిడి గాలి). నేల మీద ఏపీయూ (తోకలోని చిన్న ఇంజన్) బ్లీడ్ ఆపేసి ఉంటే 200 లీటర్లున్నా చుక్క రాదు. ఒక్క టాయిలెట్‌లోనే రాకపోతే సింక్ కింది షటాఫ్ వాల్వ్ చూడమనండి.

టాయిలెట్ ఖాళీ చేశాక కూడా ట్యాంకు నిండినట్టే చూపిస్తోంది

లెవెల్ సెన్సర్‌కు మలినం అంటుకుని ఉంటుంది. డ్రెయిన్ హ్యాండిల్ పూర్తిగా లాగి, రిన్స్ కప్లింగ్ నుంచి నీళ్ళు పెట్టి బాగా కడిగి, మళ్ళీ ఖాళీ చేయండి. తర్వాతే నీలం ద్రావణం వేయాలి.

గొట్టం తీశాక చుక్కలు కారుతుంటే మూత బిగించి వెళ్ళిపోవద్దు. లోపలి వాల్వ్ సీలుకు టిష్యూ ముక్క అడ్డుపడి ఉంటుంది. గొట్టం మళ్ళీ తగిలించి, తెరిచి, కడిగి, మూయండి. అప్పటికీ కారితే ఇంజనీరే చూడాలి. ఆ కారేది పైన గడ్డకట్టి, దిగేటప్పుడు ఊడి ఇళ్ళ మీద పడుతుంది. ఇళ్ళ మీద మలినాలు పడుతున్నాయన్న ఫిర్యాదు మీదే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో అలా వదిలే విమాన సంస్థల చేత రూ. 50 వేల పరిహారం కట్టించాలని ఆదేశించింది. టాయిలెట్ కార్ట్ దగ్గర పనిచేసిన చేతులతో వాటర్ కార్ట్ గొట్టం తాకకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

బౌజర్ (ఇంధనం నింపే బండి) లెక్కకూ విమానం గేజ్‌కూ తేడా

మీటరు చూపేది లీటర్లు, విమానానికి కావాల్సింది కిలోలు. 7,000 లీటర్లు ఎక్కించి, 15 డిగ్రీల దగ్గరి సాంద్రత 0.800తో గుణిస్తే 5,600 కిలోలు వస్తుంది. ఇంధనం 40 డిగ్రీల వేడిలో ఉంటే దాని సాంద్రత సుమారు 0.782. అంటే ఎక్కింది 5,474 కిలోలే. ఆ 126 కిలోలు ఎక్కడికీ పోలేదు, ట్యాంకులోకి రానే లేదు. ఎక్కించిన వేడి దగ్గరి సాంద్రతనే వాడి లెక్క మళ్ళీ చేయండి. ఏపీయూ నడుస్తుంటే అది తాగినదీ తీసేయాలి. అప్పటికీ తేడా కంపెనీ పెట్టిన హద్దు దాటితే సంతకాలు ఆపి ఇంజనీర్‌కు చెప్పాలి.

ముక్కు స్ట్రట్ (ముక్కు చక్రం కాలు) మామూలుకన్నా పైకి సాగింది

అన్నిటికన్నా ప్రమాదమైన లక్షణం ఇదే. మెరిసే పిస్టన్ భాగం ఎక్కువగా కనబడుతోందంటే బరువు వెనక్కి పోతోంది, విమానం తోక మీద కూలబడొచ్చు. ముందు తలుపు నుంచి ప్రయాణికులు దిగిపోతుండగా వెనక హోల్డ్ (సామాను గది) నిండుగా ఉంటే ఇలా అవుతుంది. పొడవైన ఏ321లో మరీ తొందరగా. ముందు హోల్డ్‌లోంచి తీయడం వెంటనే ఆపండి. దిగేవాళ్ళను కాసేపు ఆపమని క్యాబిన్ సిబ్బందికి చెప్పండి. తోక కింద మనుషులు, బండ్లు లేకుండా చేసి, వెనక హోల్డ్‌ను తలుపు దగ్గరి సామానుతో మొదలుపెట్టి ఖాళీ చేయండి. దించేటప్పుడు మొదట వెనక హోల్డ్, ఎక్కించేటప్పుడు మొదట ముందు హోల్డ్.

రాజమహేంద్రవరం, కడప లాంటి చోట్లకు వచ్చే ఏటీఆర్ 72 విమానంలో ప్రయాణికుల తలుపు తోక వైపే ఉంటుంది. మెట్ల దగ్గర జనం గుమిగూడినా తోక కుంగుతుంది. అందుకే తలుపు తెరిచే ముందే టెయిల్ స్టాండ్ (తోక కింది ఊత) పెట్టాలి. లోడింగ్ ముగిశాక దాన్ని తీసి, తీసినట్టు హెడ్‌సెట్ మనిషికి (కింద నుంచి పైలట్‌తో మాట్లాడేవాడికి) చేత్తో చూపించాలి.