బిందెకి ఒక కోరిక ఇవ్వండి

పిల్లల కథకి ఐడియా తట్టకపోతే, రోజూ కళ్లబడే వస్తువు ఒకటి తీసుకోండి. దాన్ని వర్ణించొద్దు. దానికి ఏం కావాలి, అడ్డం పడేదేమిటి అని అడగండి. మా చెన్నైలో నీళ్ల లారీ కోసం వరసలో ఉండే ప్లాస్టిక్ బిందెలే చూడండి. ఆకుపచ్చ బిందెకి ముందుకెళ్లాలని ఉంది, వెనకున్న ఎర్ర బిందె తోస్తోంది. 2019 నీటి ఎద్దడిలో జోలార్‌పేట అనే ఊరి నుంచి మా చెన్నైకి రైల్లో నీళ్లొచ్చాయి, ఆ రైలు కోసం ఎదురుచూసిన బిందె అయితే ఇంకా బాగుంటుంది!

వస్తువుని మాట్లాడించండి, కానీ దాని పని మార్చకండి. బిందె ఎగిరితే పిల్లలు ఒక్క నిమిషం నవ్వుతారు. చిల్లు పడి, దారంతా కారుతూ ఇంటికి చేరుతుందా లేదా అంటే చివరిదాకా వింటారు. బిందెకి పేరు మాత్రం మీ పిల్లల్నే పెట్టమనండి.