కిలవేయా అగ్నిపర్వతం దగ్గర రోజంతా నడవాలనుకునేవాళ్లకి

హవాయి వెళ్లే మనవాళ్లలో చాలామంది బిగ్ ఐలాండ్‌లో అగ్నిపర్వతానికి ఒక్క పూటే కేటాయిస్తారు. దీవి పడమటి ఒడ్డున ఉన్న కోనాలో మధ్యాహ్నం బయల్దేరి, చీకటి పడే వేళకి కిలవేయా అంచున నిలబడి, ఎర్రగా ఏమైనా కనిపిస్తే ఫొటో తీసుకుని, లేకపోతే ఉసూరుమంటూ వెనక్కి వచ్చేస్తారు. మొదటిసారి మేమూ అలాగే వెళ్లాం. లావా ఎగసిపడటం అంతకుముందు రోజే ఆగిపోయింది, పైగా వాన, చలి, పిల్లల కాళ్లకి చెప్పులు, అరగంటలో కారెక్కేశాం. రెండోసారి అమ్మానాన్నల్ని తీసుకెళ్లినప్పుడు పార్కు గేటు పక్కనే ఉన్న వాల్కనో అనే ఊళ్లో రెండు రాత్రులకి గది తీసుకున్నాం, అప్పుడు తెలిసింది మేం ఎంత వదిలేసుకుని వచ్చామో. లావా ఎప్పుడు లేస్తుందో మన చేతిలో లేదు, నడక మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. అందుకే ముందు నడకలు ఖాయం చేసుకోండి, ఆ మధ్యలో లావా కనిపిస్తే మీ అదృష్టం.

ముందు ఏర్పాట్ల సంగతి. హవాయి వాల్కనోస్ నేషనల్ పార్క్ 1916లో ఏర్పడింది, కిలవేయాతో పాటు మౌనా లోవా అనే ఇంకో అగ్నిపర్వతం కూడా ఇందులోదే. గేటు 24 గంటలూ తెరిచే ఉంటుంది. కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది, నగదు తీసుకోరు కాబట్టి కార్డు దగ్గర పెట్టుకోండి. తూర్పు ఒడ్డున ఉన్న హీలో నుంచి 30 మైళ్లు, ముప్పావు గంట. కోనా నుంచి 96 మైళ్లు, రెండు నుంచి రెండున్నర గంటలు. పార్కు లోపల పెట్రోలు దొరకదు, ముందే నింపుకోండి. కిలవేయా బిలం, అంటే అగ్నిపర్వతం పైనుండే పెద్ద గొయ్యి, దాని అంచు దాదాపు 4,000 అడుగుల ఎత్తులో ఉంటుంది, బీచ్ కంటే 12 నుంచి 15 ఫారెన్‌హీట్ డిగ్రీలు చల్లగా ఉంటుంది, వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. రెయిన్ జాకెట్, లోపల ఒక స్వెటర్, వేళ్లు కప్పే గట్టి బూట్లు, తలకి కట్టుకునే టార్చ్, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉండాల్సిందే. చెప్పులతో మాత్రం వద్దు, చల్లారిన లావా పైపొర గాజు పెంకులా ఉంటుంది, ఒక్కసారి తూలి చెయ్యి ఆనించినా అరచెయ్యి గీసుకుపోతుంది. తినడానికి మేం పులిహోర కట్టుకెళ్లాం, అదే మంచిదైంది.

ఒకే ఒక్క నడకకి టైముందంటే కిలవేయా ఇకీ ట్రెయిల్‌కే వెళ్లండి. కిలవేయా పెద్ద బిలం పక్కనే ఉన్న చిన్న బిలంలోకి దిగే దారి ఇది. 3.3 మైళ్లు, అంటే అయిదు కిలోమీటర్లు దాటి కొంచెం, 400 అడుగులు కిందికి దిగి మళ్లీ అంతే ఎక్కాలి. మామూలుగా నడిచేవాళ్లకి రెండు నుంచి మూడు గంటలు పడుతుంది. పొద్దున ఎనిమిదికల్లా కిలవేయా ఇకీ ఓవర్‌లుక్ పార్కింగ్‌లో ఉండేలా చూసుకోండి, పది దాటితే చోటు దొరకదు. గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరగమని పార్కు వాళ్లు చెబుతారు, మాకూ అదే బాగుంది, ఎందుకంటే ముందు అంచు వెంబడి అడవిలో నడుస్తూ కింద బిలాన్ని చూస్తూ చూస్తూ దిగుతాం.

అక్కడ ఏం జరిగిందో తెలుసుకుని దిగితే ఆ నడకే వేరు. 1959 నవంబర్ 14న ఈ బిలం గోడ చీలి లావా చిమ్మడం మొదలైంది, డిసెంబర్ 20 వరకు ఆగుతూ లేస్తూ సాగింది, ఒక దశలో లావా 1,900 అడుగుల ఎత్తుకి లేచింది. కింద నిండింది లావా చెరువు. మీరు నడిచేది ఆ చెరువు మీద గట్టిపడిన పెచ్చు మీదే. చుట్టూ గోడల వైపు చూడండి, నేల నుంచి 50 అడుగుల ఎత్తున ఒక నల్లటి గీత కనిపిస్తుంది, ఎండాకాలంలో చెరువు నీళ్లు దిగిపోయాక గట్టు మీద మిగిలే చారలాంటిది. లావా అక్కడిదాకా నిండి, కొంత తిరిగి లోపలికే జారిపోయింది. నేల పెద్ద పెద్ద పలకలుగా పగిలి ఉంటుంది, ఆ పగుళ్లలోంచి సన్నగా ఆవిరి వస్తుంటుంది. అమ్మ ఒక పగులు దగ్గర వంగి చెయ్యి పెట్టి, ఇడ్లీ గిన్నె మూత తీసినట్టుంది అంది. అది లావా పొగ కాదు, పైన పడిన వాన నీళ్లు పగుళ్లలోంచి ఇంకి కింద వేడి రాయిని తాకి ఆవిరై పైకి వస్తాయి. అందుకే వాన పడిన రోజు ఆవిరి ఇంకా ఎక్కువ. ఆ పగుళ్లలోనే జానెడు ఎత్తు ఓహియా మొక్కలు మొలుస్తాయి, వాటికి కుచ్చుల్లాంటి ఎర్రటి పూలు. చుట్టూ నల్లటి రాయి, మధ్యలో ఆ ఒక్క ఎరుపు, అక్కడ కాసేపు కూర్చోండి. పువ్వు కోయకండి, కోస్తే వాన వస్తుందని అక్కడివాళ్ల నమ్మకం.

బిలం అడుగున దారి గీసి ఉండదు, రాళ్లు పేర్చిన గుర్తులుంటాయి, వాటిని ఆహు అంటారు. ఒక ఆహు నుంచి ఇంకో ఆహు కనిపించేలా పెట్టారు, పొగమంచులో అవే దిక్కు. అందుకే సరదాకి కూడా మీరు కొత్తవి పేర్చకండి, వెనకొచ్చేవాళ్లు దారి తప్పుతారు. రాళ్లు జేబులో వేసుకోవడమూ కూడదు, చట్టప్రకారం తప్పు, పైగా స్థానిక హవాయియన్లకి ఇది అగ్నిపర్వతాల దేవత పెలే అమ్మవారి ఇల్లు. నాన్న ఒక రాయిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “మన కాతేరు నల్లరాయిలాగే ఉంది కదరా” అన్నారు. నిజమే, రాజమండ్రి పక్కన కాతేరు, పంగిడి క్వారీల్లో కంకర కొట్టే ఆ నల్లరాయి కూడా లావానే, కాకపోతే దాదాపు 6.5 కోట్ల ఏళ్ల కిందటిది. రాయిని తీసినచోటే పెట్టేసి ముందుకు నడిచారు.

ఎక్కేటప్పుడు మలుపులు మలుపులుగా దారి ఉంటుంది, తొందరపడకుండా ఎక్కితే అరవై దాటినవాళ్లూ ఎక్కగలరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని మాత్రం బలవంతంగా దింపకండి. వాళ్లకి ఈ పక్కనే నాహుకు ఉంది, లావా పారి ఖాళీ అయిన సొరంగం, 0.4 మైలు చుట్టు, కొన్ని మెట్లు తప్ప కష్టం లేదు. ప్రవహించే లావాకి పైన పెచ్చు కట్టి, లోపలిది జారిపోతే మిగిలే గొట్టం అది. డెవస్టేషన్ ట్రెయిల్ అయితే తారు వేసిన దారే, రానుపోను ఒక మైలు. స్టీమ్ వెంట్స్ దగ్గర కారు దిగితే చాలు. అక్కడ గడ్డి తప్ప చెట్లెందుకు లేవని మావాడు అడిగాడు, కొన్ని అడుగుల లోతులోనే నేల వేడిగా ఉండటంతో లోతుకెళ్లే చెట్ల వేళ్లు బతకలేవు.

ఇక లావా సంగతి. 2018లో ఈ అగ్నిపర్వతం దిగువన పూనా అనే ప్రాంతంలో బద్దలై 700కి పైగా ఇళ్లు పోయాయి, అదే సమయంలో శిఖరం దగ్గర హాలేమావుమావు బిలం కుంగి ఎన్నో రెట్లు పెద్దదైంది. 2024 డిసెంబర్ 23న అక్కడే మొదలైన విస్ఫోటనం విడతలు విడతలుగా సాగింది. లావా ఫౌంటెన్ కొన్ని గంటలు ఎగసి ఆగిపోతుంది, తర్వాత రోజులో వారాలో విరామం. విరామంలో లోపల మాగ్మా (నేల కింద కరిగి ఉన్న రాయి) నిండుతూ నేల ఉబ్బుతుంది, ఆ ఉబ్బుని కొలిచే పరికరాలు ఉన్నాయి, నేల మళ్లీ పాత స్థాయికి వచ్చిందంటే తర్వాతి విడత దగ్గర పడినట్టు. కాబట్టి హోటల్ బుక్ చేసేముందు, వెళ్లేరోజు పొద్దున కూడా యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల రోజువారీ సమాచారం, లైవ్ కెమెరాలు చూడండి, అన్నిటికన్నా అవే నమ్మకం. ఫౌంటెన్ లేస్తే ఊరంతా అక్కడికే వస్తుంది, పార్కింగ్ టెన్షన్ లేకుండా చూడాలంటే తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లండి, చీకట్లో రంగు కూడా అప్పుడే బాగుంటుంది. డెవస్టేషన్ పార్కింగ్ నుంచి కేయానాకాకోయీ దాకా పాత రోడ్డు మీద ఒక మైలు నడిచి చూడొచ్చు.

ఇక్కడ జాగ్రత్త గురించి గట్టిగా చెప్పాలి. లావా లేచినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లలు గాలివాలులో ఉండకూడదు, గొంతు మంట మొదలైతే కారెక్కి వచ్చేయడమే. గాలిలో బంగారు రంగు వెంట్రుకల్లాంటివి ఎగురుతాయి, పెలే జుట్టు అంటారు, అది సన్నటి గాజు. కంట్లో పడితే నలపకండి, నీళ్లతో కడగండి. అంచు దగ్గర తాడు కట్టి ఉంటే దాటొద్దు, అంచు కింద భాగం ఖాళీ అయి పైన నేల వేలాడుతుండొచ్చు, పైనుంచి చూస్తే అది అస్సలు తెలియదు.

రెండో రోజు చైన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డు మీద సముద్రం దాకా దిగండి, దాదాపు 19 మైళ్లు, 3,700 అడుగుల దిగుడు. దారిలో నీళ్లు, తిండి ఏమీ దొరకవు, ఎండ మాడుస్తుంది. మధ్యలో పూవులోవా దగ్గర ఆపి రానుపోను 1.4 మైళ్లు నడిస్తే రాతి మీద చెక్కిన 23,000కి పైగా బొమ్మలు, గుంటలు ఉంటాయి. పుట్టిన బిడ్డ బొడ్డుతాడుని ఆ గుంటల్లో దాచి, దీర్ఘాయువు కోరుకునేవారట. చెక్క నడవ మీంచే చూడాలి, దిగకూడదు. అమ్మ ఆ నడవ మీద చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది.

చుట్టుపక్కల ఇంకో రోజు ఉంటే, పాహోవా వైపు లావా ట్రీ పార్కు చిన్నది, 0.7 మైలు చుట్టు, 1790లో లావా చెట్లని చుట్టి గట్టిపడి, లోపలి మాను కాలిపోయాక మిగిలిన రాతి మొదళ్లు అక్కడ నిలబడి ఉంటాయి. హీలోకి ఉత్తరాన అకాకా జలపాతం 442 అడుగులు, అరమైలులోపే నడక, కానీ మెట్లు తడిగా ఉంటాయి. ఒక అడవి నుంచి ఇంకో అడవికి వెళ్లే ముందు బూట్లకి అంటిన మట్టి బ్రష్‌తో పూర్తిగా దులపండి, ట్రెయిల్ మొదట్లో చాలాచోట్ల బ్రష్‌లు పెట్టే ఉంటాయి, ఆ మట్టిలోని ఫంగస్ వల్ల ఓహియా చెట్లు నిలువునా ఎండిపోతున్నాయి. ఇంకొకటి, రోడ్డు మీద నేనే అనే బాతు ఎదురైతే (పేరు విని మా అమ్మ నవ్వుతూనే ఉంది) కారు ఆపి అది దాటేదాకా ఆగండి. ఎంత అడిగినా గింజ కూడా వేయకండి, తిండి అలవాటైన బాతులు రోడ్ల మీదికి వచ్చి కార్ల కింద పడుతున్నాయి.