నాటక రచన నేర్చుకుందాం – 9వ పాఠం: కథ కంచికి వెళ్లనప్పుడు

పోయిన పాఠంలో ముడి వేయడం గురించి చెప్పుకున్నాం. ఒక అప్పు, ఒక రహస్యం, ఒక గడువు పెట్టుకుని పది నిమిషాల సన్నివేశం రాయమన్నాను. మీరు రాసినవాటిలో ముడులు బాగున్నాయి. చివరికి వచ్చేసరికి మాత్రం చాలావరకు ఒకటే దారి పట్టాయి: ఒక పెద్దమనిషి లోపలికి వస్తాడు, తప్పెవరిదో తేల్చి చెబుతాడు, అందరూ తల దించుకుంటారు, తెర పడుతుంది. ఇది మీకు చేతకాక జరిగింది కాదు. మనం చూస్తూ పెరిగిన నాటకమే అలాంటిది. సంస్కృత నాటకానికి భరతవాక్యం ఉంది, పద్యనాటకానికి మంగళం ఉంది, మన పరిషత్తు నాటికల్లో చాలావాటికి ఆఖరి ఐదు నిమిషాల ఉపన్యాసం ఉంది. కథ కంచికి, మనం ఇంటికి.

ఈ పాఠంలో కథను కంచికి పంపకుండా తెర దించడం ఎందుకో, ఎలాగో చూద్దాం. ఒక్క నాటకాన్నే దగ్గర పెట్టుకుందాం: నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన 'డాల్స్ హౌస్'. 1879 డిసెంబరులో కోపెన్‌హాగెన్‌లోని రాయల్ థియేటర్‌లో మొదటిసారి ఆడారు. దీన్నే ఎంచుకోవడానికి కారణముంది. ఈ నాటకానికి రెండు ముగింపులున్నాయి, రెండూ ఇబ్సెన్ రాసినవే. పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం మనకు ఇంకెక్కడా ఇంత బాగా దొరకదు.

ముందు కథ. జబ్బుపడ్డ భర్తను బతికించుకోవడానికి నోరా 4,800 క్రోనర్లు రహస్యంగా అప్పు చేసింది. హామీగా తండ్రి పెట్టాల్సిన సంతకం తనే పెట్టేసింది. తండ్రి పోయింది సెప్టెంబరు 29న, సంతకం కింద వేసిన తేదీ అక్టోబరు 2. ఆ మూడు రోజుల తేడా అప్పిచ్చిన క్రోగ్‌స్టాడ్ కంటపడింది. అతను బెదిరిస్తాడు, ఉత్తరం రాసి పెట్టెలో వేస్తాడు. భర్త హెల్మర్ అది చదివి నోరాను నానా మాటలంటాడు, పిల్లల్ని పెంచే అర్హత నీకు లేదంటాడు. అంతలో క్రోగ్‌స్టాడ్ మనసు మారి ఇంకో ఉత్తరంతో పాటు ప్రోనోటు కూడా పంపించేస్తాడు. "నేను బతికిపోయాను!" అని కేకేస్తాడు హెల్మర్. "మరి నేను?" అంటుంది నోరా. అతను ఆ కాగితాలన్నీ చింపి పొయ్యిలో పడేస్తాడు.

ఇక్కడ పుస్తకం మూసి ఒక్క నిమిషం ఆలోచించండి. ముడి విడిపోయింది. ప్రోనోటు బూడిదైంది, బెదిరించేవాడు లేడు, కోర్టు భయం లేదు. భర్త క్షమించేశానంటున్నాడు. ఇంకొకరైతే ఇక్కడే తెర దించేవారు. ఇబ్సెన్ అసలు సన్నివేశం ఇక్కడే మొదలుపెట్టాడు. నోరా నాట్యానికి వేసుకున్న వేషం తీసేసి, మామూలు బట్టల్లో వచ్చి, భర్తను బల్లకు అటువైపు కూర్చోమంటుంది. పెళ్లయి ఎనిమిదేళ్లయింది, మనిద్దరం కూర్చుని గంభీరంగా మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి అంటుంది.

ఆ సంభాషణ చివరి రెండు పేజీలను పెన్సిల్ పట్టుకుని చదవండి. ప్రేక్షకుడికి వచ్చే ప్రతి చిన్న సందేహానికీ అందులో జవాబుంది. ఈ రాత్రి ఎక్కడుంటుంది? స్నేహితురాలి ఇంట్లో. రేపు? పుట్టిన ఊరికి. సామాను ఎవరు సర్దుతారు? ఆ స్నేహితురాలే వచ్చి సర్దుతుంది. తాళంచెవులు? ఇదిగో ఇక్కడ పెట్టాను. ఉంగరం? నీది నువ్వు తీసుకో, నాది నాకిచ్చెయ్. ఉత్తరాలు రాయొచ్చా? వద్దు. ఇన్నిటికీ లెక్క అప్పజెప్పాక, ఒక్క ప్రశ్న మిగిల్చాడు. మన కాపురం నిజమైన దాంపత్యంగా మారేంత పెద్ద అద్భుతం జరగాలి, అలాంటివాటి మీద నాకిప్పుడు నమ్మకం లేదు అని నోరా వెళ్లిపోతుంది. హెల్మర్ ఒంటరిగా కూలబడతాడు. అతనిలో ఆశ మెరుస్తుంది, ఆ అద్భుతం మాటనే ప్రశ్నలా పలుకుతాడు. వెంటనే కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడు. అంతే.

హెల్మర్ నోట ప్రశ్న, తలుపు చప్పుడు: ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి ఎందుకు పెట్టాడో గమనించారా? ఆశ పుట్టిన క్షణంలోనే తలుపు పడింది. చప్పుడు జవాబులాగే వినిపిస్తుంది, కానీ జవాబు కాదు. నోరా వెళ్లిందని మాత్రమే చెబుతుంది. తిరిగొస్తుందా, ఆ మనిషి మారతాడా, ఆ ముగ్గురు పిల్లల సంగతేమిటి అన్నది చెప్పదు.

ఎందుకు చెప్పలేదు? నాకు తెలిసినంతలో పెద్ద కారణం నిజాయితీ. భర్త అనుమతి లేకుండా భార్య అప్పు చేయకూడదన్న మాట ఈ నాటకంలోనే వస్తుంది. నార్వేలో పెళ్లయిన స్త్రీకి చట్టం ముందు సొంత వ్యక్తిత్వం వచ్చింది 1888లో, అంటే ఈ నాటకం వచ్చిన తొమ్మిదేళ్లకు. అలాంటి లోకంలో నోరా బయటికెళ్లి బాగుపడిందని రాస్తే అబద్ధమవుతుంది. చితికిపోయిందని రాస్తే, గడప దాటినందుకు రచయితే శిక్ష వేసినట్టవుతుంది. లోకం ఇంకా తేల్చని విషయాన్ని నాటకం తేల్చేస్తే ప్రేక్షకుడు హాయిగా నిద్రపోతాడు.

ఈ కథకు ప్రేరణ లారా కీలర్ అనే రచయిత్రి జీవితం. ఆమె కూడా భర్త ఆరోగ్యం కోసమే అప్పు చేసింది. సంగతి బయటపడ్డాక ఆమెను పిచ్చాసుపత్రిలో పెట్టించారు, తర్వాత మళ్లీ భర్త దగ్గరికే వచ్చింది. అంటే జరిగిన కథకు ముగింపు సిద్ధంగా ఉంది. ఇబ్సెన్ దాన్ని ముట్టుకోలేదు.

ఇక రెండో ముగింపు. 1880లో జర్మనీలో నోరా వేషం వేయాల్సిన ప్రసిద్ధ నటి హెడ్విగ్ నీమన్-రాబె, పిల్లల్ని వదిలి వెళ్లే సన్నివేశం తాను చేయనంది. అక్కడ ఇబ్సెన్‌కు కాపీరైటు రక్షణ లేదు, ఎవరైనా మార్చేసుకోవచ్చు. ఇంకెవరి చేతుల్లోనో పాడయ్యేకంటే నయమని ఆయనే మార్చి రాశాడు: హెల్మర్ ఆమెను పిల్లల గది గుమ్మం దాకా లాక్కెళతాడు, నిద్రపోతున్న పిల్లల్ని చూసి నోరా కుప్పకూలుతుంది, తెర. ఈ మార్పును ఆయనే అనాగరికమైన దౌర్జన్యం అన్నాడు. నిలిచింది మొదటి ముగింపే.

ఈ రెండో ముగింపులో ఏం పోయిందో మీరే చెప్పండి. కన్నీళ్లకు కొదవ లేదు. పోయింది ప్రేక్షకుడి పని. పిల్లల్ని చూడగానే తల్లి ఆగిపోయింది, కాబట్టి బల్ల దగ్గర ఆమె అన్న మాటలన్నీ కోపంలో అన్నవైపోయాయి. ఆఖరి నిమిషం వెనక్కి వెళ్లి ముందున్న సన్నివేశం అర్థాన్నే మార్చేసింది. ముగింపు రాసేటప్పుడు నాకు అన్నిటికంటే భయం వేసేది దీనికే.

తేల్చకుండా వదిలిన ముగింపు మన దగ్గరా ఉంది. గురజాడ 1909లో తిరగరాసి అచ్చువేసిన 'కన్యాశుల్కం'లో హత్య కేసు నుంచి లుబ్ధావధాన్లు బయటపడతాడు, గిరీశం గుట్టు రట్టవుతుంది. బుచ్చమ్మను పూనాలోని విడోస్ హోముకు పంపుతామంటారు. గిరీశం "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అంటాడు, నాటకం అయిపోతుంది. అందరం నవ్వుకుంటాం, ఆ మాట ఊరూరా సామెతైంది. కానీ గిరీశాన్ని నమ్మి ఇల్లు వదిలి వచ్చిన ఆ పిల్ల ఏమనుకుంటోంది? ఆ ఆఖరి మాటల దగ్గర ఆమె గొంతు లేదు. పూనాలో ఆమె బతుకు ఎలా ఉంటుందో గురజాడ చెప్పలేదు. ఎన్నిసార్లు చదివినా నాకు నవ్వు ఆగిపోయేది అక్కడే.

ఒక్క హెచ్చరిక. ముగింపు తోచక వదిలేయడం, తెలిసి వదిలేయడం ఒకటి కావు. ప్రోనోటు ఏమైందో చెప్పకుండా ఇబ్సెన్ తెర దించి ఉంటే ప్రేక్షకులు గొడవ చేసేవారు, వాళ్లదే న్యాయం. మీరు వేసిన ముడి మీరు విప్పాలి. విప్పాక దాని కింద బయటపడ్డ ప్రశ్ననే వదలాలి.

అభ్యాసం: పోయిన పాఠానికి రాసిన సన్నివేశాన్నే తీయండి. పెద్దమనిషిని బయటికి పంపించండి. అప్పు సంగతి, రహస్యం సంగతి ముగింపుకు రెండు పేజీల ముందే తేల్చేయండి. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఇన్నాళ్లూ అనుకోని మాటలు అనుకోనివ్వండి. తర్వాత చివరి నిమిషాన్ని రెండు రకాలుగా రాయండి: ఒకటి తేల్చేది, ఒకటి తేల్చనిది. తేల్చనిదాంట్లో ఆఖరిది మాట కాకూడదు, చప్పుడో వస్తువో కావాలి. రెండింటినీ ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించి, మీరేమీ వివరించకుండా వాళ్లు మొదట అడిగిన ప్రశ్నను రాసిపెట్టుకోండి. వచ్చే పాఠానికి ఆ ప్రశ్నతోనే పని.