హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులు మధ్యలో ఆగకుండా కేసు వర్కర్ ఎలా చూసుకోవాలి?

గుంటూరులో మిర్చి సీజన్ అంటే యార్డులో కూలిపని బాగా దొరికే రోజులు. మందుల కోసం ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) సెంటర్‌కు వస్తే ఆ పూట కూలి పోతుంది. రాని మనిషిని "నిర్లక్ష్యం" అని రిజిస్టర్‌లో రాసేస్తే ఆ కేసు మన చేతుల్లోంచి జారిపోయినట్టే, కాబట్టి ముందు కారణం పట్టుకోండి.

మొదటిసారి కలిసినప్పుడు ఫారం పక్కన పెట్టి మాట్లాడండి. మాత్ర ఏ టైంకి వేసుకుంటారు, డబ్బా ఇంట్లో ఎక్కడ పెడతారు, ఇంట్లో ఎవరికి తెలుసు? అన్నిటికంటే ముఖ్యంగా, "అక్కా, నేను ఫోన్ చేస్తే ఇంకెవరైనా ఎత్తితే ఎవరినని చెప్పమంటారు?" అని అడిగి, ఆమె చెప్పిన మాటే రాసుకోండి. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం ప్రకారం, కొద్ది మినహాయింపులు తప్ప, ఒక మనిషికి హెచ్‌ఐవీ ఉందన్న సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. చట్టం సరే, ఒక్క ఫోన్‌తో వీధంతా తెలిస్తే ఆ మనిషి మళ్లీ మన ముఖం చూడదు.

తర్వాత, మందుల తేదీ దాటాక వెతుక్కుంటూ వెళ్లడం కాదు, రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేయండి. రాలేనంటే దగ్గర్లో లింక్ ఏఆర్‌టీ సెంటర్ (పెద్ద సెంటర్‌కు అనుబంధంగా మందులిచ్చే చిన్న సెంటర్) ఉందేమో చూడండి, ఆరోగ్యం నిలకడగా ఉంటే ఒకేసారి ఎక్కువ నెలల మందులు ఇవ్వగలరా అని డాక్టర్‌ని అడగండి, పనికి వేరే ఊరు వెళ్తుంటే అక్కడి సెంటర్‌కు ట్రాన్స్‌ఫర్ రాయించండి.

రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ టెస్ట్ మందులు మొదలుపెట్టిన 6 నెలలకు, 12 నెలలకు, ఆపైన ఏడాదికోసారి. రిపోర్టులో మిల్లీలీటరుకు 1,000 కాపీలు దాటితే తిట్టకండి. డోల్యుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉన్న మాత్రతో పాటే గ్యాస్ మందో, కాల్షియం బిళ్లో వేసుకుంటున్నారేమో కనుక్కోండి, అవి కలిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు. ఎంత ఎడం ఇవ్వాలో డాక్టర్‌తో చెప్పించండి.

వచ్చిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని అడగాలి. ఏ ఒక్కటి ఉన్నా టీబీ పరీక్షకు పంపండి.

ఏఆర్‌టీ వాడేవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పెన్షన్ పథకం ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పెన్షన్ ఉంది. అర్హత ఉండి కూడా చుట్టుపక్కల తెలుస్తుందేమోనని అప్లై చేయనివాళ్లు ఉంటారు, ఆ టెన్షన్ గురించి మీరే ముందుగా కదిపి, కాగితాలు దగ్గరుండి పెట్టించండి. మీరు దొరకని వేళల్లో మాట్లాడటానికి ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబర్ కూడా రాసివ్వండి, కాల్ ఉచితం.